పన్ను ముందా, సూది ముందా?

రోజుకొక మాత్ర. అయిదేళ్లు. మొత్తం 1,825.

బిట్రగుంటలో రైలెక్కి మద్రాసు వెళ్లి, రొమ్ములో గడ్డ తీయించుకుని, కీమో ముగించుకుని, కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని ఇంటికొచ్చిన ఒకావిడను ఊహించుకోండి. గండం గడిచింది. ఇక మిగిలింది రాత్రి అన్నం తిన్నాక రెండున్నర మిల్లీగ్రాముల లెట్రోజోల్ బిళ్ల, ఆర్నెల్లకోసారి 'ఎముకల ఇంజెక్షన్'. ఏడాదిన్నర సాఫీగానే జరిగింది. ఒకరోజు పొద్దున పళ్లు తోముతుంటే ఉమ్మిలో ఎర్రగా కనపడింది. కింది దవడ పన్నొకటి నాలుకతో తోస్తే కదులుతోంది.

"వయసు మీద పడలా, పళ్లు కదలవా?" అంది తోడికోడలు. "అంతా ఆ మాత్రల వేడి, అక్కా" అంది పక్కింటావిడ. "కావలి పోయి ఆ పన్ను పీకించేసుకోమ్మా, పీడ పోద్ది" అన్నాడు కొడుకు.

ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. కొడుకు మాట దగ్గర మాత్రం ఆగి లెక్క చూసుకోవాలి. ఆ ఇంజెక్షన్ పేరేమిటో, ఎంత మోతాదో, చివరిసారి ఎప్పుడు పడిందో పళ్ల డాక్టరుకు తెలియకుండా పన్ను తీయించే పని పెట్టుకోకూడదు. ఎందుకో అంకెల్లో చూద్దాం.

1,92,020 మంది సంగతి

మన దేశంలో 2022లో కొత్తగా రొమ్ము కేన్సర్ బయటపడిన మహిళలు 1,92,020 మంది, ఆ జబ్బుతో చనిపోయినవారు 98,337 మంది అని ప్రపంచ కేన్సర్ గణాంకాల పట్టిక గ్లోబోకాన్ అంచనా. మన ఆడవాళ్లకు వచ్చే కేన్సర్లలో సంఖ్య ప్రకారం ఇదే మొదటిది. చికిత్స తర్వాత ఏళ్ల తరబడి బతికేవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు, ఆ ఏళ్లలో మందులు తెచ్చే ఇబ్బందులకూ లెక్క కావాలి. కీళ్లనొప్పులు, ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలం గురించి డాక్టర్లు చెబుతూనే ఉంటారు. నోటి సంగతే చాలాసార్లు మిగిలిపోతుంది. కేన్సర్ డాక్టరు నోరు తెరవమనరు, పళ్ల డాక్టరు రొమ్ము సంగతి అడగరు.

నోటిని తాకే మందులు ప్రధానంగా నాలుగు రకాలు: కీమో, హార్మోన్ మాత్ర, ఎముకల సూది, ఎవెరోలిమస్ లాంటి కొత్త తరం బిళ్లలు. నాలుగింటి స్వభావం వేరు, బాధ వేరు, జాగ్రత్త వేరు.

కీమో: నూటికి 40 మంది

నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలకోసారి కొత్తగా పుట్టుకొస్తుంది. వేగంగా పెరిగే కణాలను కొట్టడమే కీమో పని కాబట్టి గడ్డతో పాటు ఈ పొరకూ దెబ్బ తగులుతుంది. సాధారణ కీమో తీసుకునేవారిలో నూటికి సుమారు 40 మందికి నోటిపూత వస్తుంది. నెల్లూరు చేపల పులుసు ముద్ద నోట్లో పెట్టుకుంటే నిప్పు పెట్టినట్టుంటుంది. పెరుగన్నం కూడా దిగని రోజులుంటాయి.

కీమో కథలో మొదటి పుటలోనే ఒక తెలుగు పేరుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులను తయారుచేసింది. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో అచ్చయిన ఆ నివేదికలోనే నోటిపూత కూడా నమోదైంది. మేలూ కీడూ ఒకే కాగితం మీద రాశారన్నమాట. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్, రొమ్ము కేన్సర్‌కు వాడిన 'సీఎంఎఫ్' అనే మూడు మందుల కూర్పులో మధ్య అక్షరం. మిలాన్‌లోని జాతీయ కేన్సర్ సంస్థ 386 మంది స్త్రీల మీద ఆ కూర్పును పరీక్షించి 1976లో ఫలితాలు వెల్లడించింది. ఆపరేషన్ మాత్రమే చేయించుకున్న 179 మందిలో 24 శాతానికి జబ్బు తిరగబెడితే, కీమో కూడా తీసుకున్న 207 మందిలో 5.3 శాతానికే తిరగబెట్టింది. ఈ అంకెలను పక్కన పెట్టుకుని చూస్తే నోటిపూత ఓర్చుకోదగిన ధరే అనిపిస్తుంది.

ఊరట ఏమిటంటే ఈ బాధ కీమోతో వచ్చి కీమోతో పోతుంది. కీమో ఎక్కించాక 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో పన్ను పని పెట్టుకోకూడదు. రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 1,000 కంటే తక్కువుంటే, తప్పనిసరి అయితే తప్ప పళ్ల జోలికి వెళ్లరు. మూడు వారాలకోసారి కీమో పడేవారికి, తర్వాతి కీమోకు ముందు రోజులు, కణాలు కోలుకున్నాక, కొంత అనువు.

ఇంట్లో చేసుకోదగింది చవకైనదే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించడం. మెత్తటి బ్రష్షు. బొగ్గుపొడి, ఇటుకపొడి, పొగాకు పొడితో తోమే అలవాటుంటే ఆపేయడం.

మాత్ర: 58 మందిని చూసిన ఒక అధ్యయనం

రొమ్ము కేన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజన్ హార్మోన్ మీద ఆధారపడి పెరిగేవి. అలాంటివారికే ఏళ్ల తరబడి మాత్రలు. టామోక్సిఫెన్ అయితే రోజుకు 20 మిల్లీగ్రాములు. ముట్లు ఆగినవారికి ఎక్కువగా లెట్రోజోల్ 2.5, లేదా అనాస్ట్రోజోల్ 1, లేదా ఎక్సెమెస్టేన్ 25 మిల్లీగ్రాములు. ఈ చివరి మూడూ ఒంట్లో మిగిలిన కాస్త ఈస్ట్రోజన్‌ను కూడా 90 శాతం మేర తగ్గిస్తాయి. గడ్డకు తిండి లేకుండా చేయడం వాటి ఉద్దేశం. అయితే ఆ తిండి ఎముకకూ, చిగురుకూ, లాలాజల గ్రంథులకూ కూడా కావలసిందే.

ముట్లు ఆగిన స్త్రీకి మామూలుగా ఏడాదికి ఎముక సాంద్రత ఒక శాతం తగ్గుతుందనుకుంటే, ఈ మాత్రలతో సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. పన్ను నిలబడేది కూడా దవడ ఎముకలోనే. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ మాత్రలు మొదలుపెట్టిన 29 మందినీ, కేన్సర్ లేని 29 మందినీ 18 నెలలు గమనించారు. మాత్ర వేసుకునేవారిలో పన్ను చుట్టూ చిగురు పట్టు ఎక్కువగా సడలినట్టు తేలింది.

దీన్ని ఎంతవరకు నమ్మాలి? 58 మంది అంటే చిన్న లెక్క. అనుమానించడానికి అది చాలు, మాత్ర మీద నేరం మోపడానికి చాలదు. పన్ను కదలడానికి మధుమేహం, పేరుకున్న గార, వక్కపొడి, పొగాకు, వయసు కూడా కారణాలే. తోడికోడలు మాటలో నిజం వయసు, పక్కింటావిడ మాటలో నిజం మాత్ర. ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు.

నోరు ఎండిపోవడం మాత్రం మందు ఏదైనా సరే లెక్కలోకి తీసుకోవలసిన విషయం. ఆరోగ్యవంతుల నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. నోట్లో పులుపు పెరిగి పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. ఆ పులుపును కడిగి పన్నుకు ఖనిజాలను తిరిగి ఇచ్చేది లాలాజలమే. అది తగ్గితే రెండు పళ్ల సందుల్లో, చిగురు అంచున పుచ్చులు మొదలవుతాయి. నోరు ఎండుతోందని చక్కెర బిళ్లలు చప్పరిస్తే పుచ్చును పిలిచి పీట వేసినట్టే. గుటకలు గుటకలుగా మంచినీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మేలు.

సూది: 36 మందితో బయటపడిన సంగతి

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడ. మాత్ర వల్ల తగ్గే ఎముక బలాన్ని కాపాడడానికో, ఎముకలకు పాకిన కేన్సర్‌ను అదుపు చేయడానికో ఇచ్చే మందులు రెండు. ఒకటి జోలెడ్రోనిక్ యాసిడ్, నరానికి కనీసం 15 నిమిషాల పాటు ఎక్కిస్తారు. రెండోది డెనోసుమాబ్, చర్మం కింద వేసే సూది. రెండూ ఎముకను కరిగించే కణాల చేతులు కట్టేస్తాయి.

దవడ ఎముక తీరు వేరు. నమిలే ఒత్తిడి వల్ల అక్కడ పాత ఎముక కరిగి కొత్తది కట్టే పని నిత్యం సాగుతుంది. పైన కప్పు పలచని చిగురే, ఆ చిగురును చీల్చుకుని నిలబడ్డ పళ్లు, చుట్టూ సూక్ష్మజీవులు. కరిగించే కణాల చేతులు కట్టేశాక పన్ను పీకితే, ఆ గుంట శుభ్రపడి పూడడం ఆలస్యమవుతుంది. ఒక్కోసారి చిగురు మూసుకోక ఎముక బయటే ఉండిపోతుంది. 2003లో అమెరికాకు చెందిన దవడ శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్ ఇలాంటి 36 మంది గురించి రాశాక ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది. ఈ మందులు వాడుతున్నవారికి లేదా వాడినవారికి, దవడకు కరెంటు పెట్టిన చరిత్ర లేకుండా, నోట్లో ఎముక 8 వారాలకు మించి బయట కనిపిస్తే దాన్ని మందుల వల్ల వచ్చిన దవడ ఎముక కుళ్లుగా లెక్కిస్తారు. నలుగురిలో ముగ్గురికి అది కింది దవడలోనే వస్తుంది.

ఎంతమందికి? ఎముకలకు కేన్సర్ పాకిన 5,723 మందితో జరిగిన మూడు పెద్ద పరీక్షలను కలిపి చూస్తే 89 మందికి వచ్చింది. జోలెడ్రోనిక్ యాసిడ్ వాడినవారిలో 1.3 శాతం, డెనోసుమాబ్ వాడినవారిలో 1.8 శాతం. అంటే నూటికి ఒకరో ఇద్దరో. ఆ 89 మందిలో 55 మందికి అంతకుముందు పన్ను తీయించుకున్న చరిత్ర ఉంది. పరిశోధకులు లెక్క కట్టేనాటికి పూర్తిగా మానింది 36 శాతానికే. అరుదైనదే కానీ వస్తే అంత తేలిగ్గా వదిలేది కాదు.

60కీ 120కీ మధ్య 13 రెట్లు

"ఎముకల ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను" అని పళ్ల డాక్టరుతో చెబితే సగం చెప్పినట్టే. మందు ఒకటే, లెక్కలు రెండు.

ఎముక బలం కోసమైతే డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాములు ఆర్నెల్లకోసారి, అంటే ఏడాదికి 120. ఎముకకు పాకిన కేన్సర్‌కైతే 120 మిల్లీగ్రాములు నాలుగు వారాలకోసారి, అంటే ఏడాదికి 13 సూదులు, 1,560 మిల్లీగ్రాములు. తేడా 13 రెట్లు. జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములే అయినా ఆర్నెల్లకోసారి అయితే ఏడాదికి 8, నాలుగు వారాలకోసారి అయితే 52.

ముప్పు కూడా ఆ తేడాను అనుసరిస్తుంది. ఆస్ట్రియా, స్వీడన్‌లలో హార్మోన్ మాత్రలు వాడుతున్న 3,425 మంది స్త్రీలతో జరిగిన పరీక్షలో సగం మందికి 60 మిల్లీగ్రాముల డెనోసుమాబ్, మిగతా సగానికి ఉత్త సూది ఇచ్చారు. ఉత్త సూది వేసుకున్నవారిలో 176 మందికి ఎముకలు విరిగితే, మందు వేసుకున్నవారిలో 92 మందికే విరిగాయి. దవడ కుళ్లు ఒక్కరిలోనూ నిర్ధారణ కాలేదు. ఇక అమెరికాలో 1,822 మందితో జరిగిన మరో పరీక్షలో జోలెడ్రోనిక్ యాసిడ్‌ను నాలుగు వారాలకు బదులు 12 వారాలకోసారి ఇచ్చి చూశారు. ఎముక విరగడం లాంటి ప్రమాదాలు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానం, 29.5 శాతం, 28.6 శాతం. దవడ కుళ్లు మాత్రం 2 శాతం నుంచి 1 శాతానికి తగ్గింది. ఈ ఫలితం 2017లో వచ్చింది. వ్యవధి పెంచవచ్చా అని డాక్టరును అడగడానికి ఆ అంకెలు ఆధారమే.

18.0, 14.7: సూది ఎందుకు మానకూడదు

పై అంకెలు చదివి "ఈ సూదే వద్దులే" అనుకుంటే అది నష్టం బేరం. జోలెడ్రోనిక్ యాసిడ్ తరహా ఎముక మందులు వాడిన, వాడని 18,766 మంది స్త్రీల సమాచారాన్ని కలిపి 2015లో ఒక అంతర్జాతీయ బృందం విశ్లేషించింది. ముట్లు ఆగినవారిలో పదేళ్లలో రొమ్ము కేన్సర్‌తో చనిపోయినవారు మందు వాడనివారిలో 18.0 శాతం, వాడినవారిలో 14.7 శాతం. ఎముకల్లో జబ్బు తిరగబెట్టడం 8.8 శాతం నుంచి 6.6 శాతానికి తగ్గింది.

పక్కపక్కన పెట్టి చూడండి. నూరుమందిలో ముగ్గురి ప్రాణం ఒకవైపు. ఇంకోవైపు, మోతాదును బట్టి, నూటికి సున్నా నుంచి ఇద్దరి దాకా దవడ సమస్య. పైగా ఆ రెండో అంకెను మనం ముందే కిందికి లాగవచ్చు. మొదటి అంకెను సూది మాని లాగలేం.

డెనోసుమాబ్ విషయంలో మరో చిక్కు ఉంది. దాన్ని సొంతంగా ఆపేస్తే అణిగి ఉన్న ఎముక కరుగుదల ఒక్కసారి విజృంభించి వెన్నుపూసలు విరిగే ప్రమాదం పెరుగుతుంది. పంటి భయంతో సూది ఎగ్గొట్టడం కన్నా, చివరి సూది పడ్డ మూడు నాలుగు నెలలకు పంటి పని పెట్టుకుని, తర్వాతి సూదికి ముందే పుండు మానేలా ఇద్దరు డాక్టర్లూ తేదీ చూసుకోవడం మేలు. ఆర్నెల్ల సూది వాడేవారికి ఈ వెసులుబాటు ఉంది.

3.2 నుంచి 1.3కి

పొగబండ్ల రోజుల్లో బిట్రగుంట అంటే లోకోషెడ్డే. ఇంజిన్‌కు షెడ్డులో తనిఖీ జరిగి 'ఫిట్' అన్నాకే మెయిన్ లైను ఎక్కేది. పంటి విషయంలో ఆ పని చేస్తే ఏమవుతుందో లెక్క ఉంది. కీమో ఫలితాన్ని 1976లో చెప్పిన మిలాన్ సంస్థే, 33 ఏళ్ల తర్వాత, 2009లో ఈ లెక్క చెప్పింది. ఎముకల మందు మొదలుపెట్టే ముందు పళ్ల పరీక్ష తప్పనిసరి చేయక మునుపు దవడ కుళ్లు 3.2 శాతం మందికి వచ్చేది. చేశాక 1.3 శాతానికి దిగింది. కొత్త మందేమీ లేదు, ఖరీదైన యంత్రం లేదు. నోరు ముందు చూశారు, అంతే.

వరస ఇలా ఉండాలి. కేన్సర్ డాక్టరు ఎముకల సూది మాట ఎత్తగానే పళ్ల డాక్టరు దగ్గరికి. దవడల ఎక్స్‌రే, గార తీయడం, పుచ్చులు పూడ్చడం. తీయక తప్పని పళ్లుంటే అప్పుడే తీయించి, చిగురు మూసుకునే దాకా, అంటే రెండు మూడు వారాలు ఆగి, ఆ తర్వాత మొదటి సూది. కట్టుడు పళ్లుంటే ఎక్కడా ఒరుసుకోకుండా సరిచేయించుకోవాలి. చికిత్స నడుస్తుండగా ఆర్నెల్లకోసారి పంటి పరీక్ష.

సూదులు మొదలైపోయాక పన్ను నొప్పి వస్తే? కేన్సర్ మోతాదులో వాడుతున్నవారు పన్ను తీయించుకుంటే దవడ కుళ్లు వచ్చే అవకాశం 1.6 నుంచి 14.8 శాతం దాకా ఉందని వేర్వేరు అధ్యయనాల్లో తేలింది. అందుకే వీలైనంతవరకు పీకకుండా, రూట్ కెనాల్ చేసి పన్నును నిలబెట్టడం మొదటి మార్గం. చిగుళ్లు శుభ్రం చేయించుకోవడానికీ పుచ్చు పూడ్పించుకోవడానికీ ఈ భయం అక్కర్లేదు. నిజానికి అవి వాయిదా వేస్తేనే పీకే దాకా వస్తుంది.

కొత్త తరం మందుల్లోనూ ఇదే పాఠం. ముదిరిన రొమ్ము కేన్సర్‌కు ఎక్సెమెస్టేన్‌తో కలిపి ఇచ్చే ఎవెరోలిమస్‌తో మొదటి 8 వారాల్లో 33 శాతం మందికి తినడానికి ఇబ్బంది పడేంత నోటిపూత వచ్చేది. మొదటిరోజు నుంచే స్టెరాయిడ్ ద్రావణం 10 మిల్లీలీటర్లు, రెండు నిమిషాల చొప్పున, రోజుకు నాలుగు సార్లు పుక్కిలింపించి చూసిన పరీక్షలో అది 2.4 శాతానికి పడిపోయింది.

1937 నాటి చార

మన నెల్లూరు జిల్లావాళ్లకు ఇంకొక అనుమానం సహజం. "పళ్లు పసుపుపచ్చగా, గోధుమరంగు చారలతో ఉన్నాయి, మందు వల్లేనా?" నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పళ్లూ ఎముకలూ చెడిపోతున్న సంగతిని మన దేశంలో మొదట వివరంగా నమోదు చేసింది ఈ నేల మీదే. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి రాసినప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లావే. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక అవి అటు వెళ్లాయి. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఫరవాలేదని మన ప్రమాణం.

ఆ చారలు పడేది పళ్లు తయారయ్యే చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీటివల్ల. యాభై ఏళ్లకు వేసుకున్న లెట్రోజోల్‌కు దానితో సంబంధం లేదు. చిన్నప్పటి నుంచీ ఉన్న చార వేరు, ఈ ఏడాది కొత్తగా మొదలైన కదలిక వేరు. ఏది ఎప్పటినుంచి ఉందో డాక్టరుకు చెప్పగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే.

చీటీలో అయిదు మాటలు

బిట్రగుంట నుంచి కావలి ఒకవైపు, నెల్లూరు ఇంకోవైపు, రెండూ గంట ప్రయాణం లోపే. పంటి వైద్యం అక్కడ దొరుకుతుంది, నెల్లూరులో డెంటల్ కాలేజీయే ఉంది. కేన్సర్ ఫైలు మాత్రం చాలామందికి మద్రాసులోనో తిరుపతిలోనో ఉంటుంది. 1954లో మొదలైన అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు నెల్లూరు జిల్లా వాళ్లు వెళ్లడం తరాల అలవాటు. వైద్యం ఒకచోట, పన్ను ఒకచోట ఉన్నప్పుడు రెంటినీ కలిపేది రోగి చేతిలోని కాగితమే. పోస్టుకార్డంత చీటీ మీద ఈ అయిదు రాసి పర్సులో పెట్టుకుంటే చాలు:

1. వేసుకునే మాత్ర పేరు, మొదలుపెట్టిన నెల.
2. ఎముకల సూది పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని వారాలకోసారి.
3. చివరి సూది తేదీ, తర్వాతి సూది తేదీ.
4. మధుమేహం, స్టెరాయిడ్లు, రక్తం పలచబరిచే మందులు, పొగాకు, వక్క: ఉన్నవేవో.
5. కేన్సర్ డాక్టరు ఫోను నంబరు.

ఈ గుర్తులు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు: పన్ను తీసిన గుంట మానకపోవడం, నోట్లో గట్టిగా తెల్లటి ఎముక తగలడం, చీము, దుర్వాసన, ఉన్నట్టుండి పళ్లు కదలడం, కింది పెదవి లేదా గడ్డం మొద్దుబారడం. చివరిది ఒక్కోసారి జబ్బు దవడకు పాకిందనడానికీ సూచన.

మొదట అనుకున్న ఆవిడ దగ్గరికి మళ్లీ వద్దాం. కొడుకు చెప్పినట్టు కావలి వెళ్లడం తప్పు కాదు, వెళ్లాల్సిందే. ఫైలులోని ఆఖరి కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని మరీ వెళ్లాలి. 'జోలెడ్రోనిక్ యాసిడ్, 4 మిల్లీగ్రాములు, ఆర్నెల్లకోసారి' అన్న వరుస చదివాక ఆ పళ్ల డాక్టరు పట్టకారు పక్కన పెట్టి, ముందు ఎక్స్‌రే తీయించి, గార తీసి, మద్రాసుకు ఫోను చేస్తారు. ఆ రాత్రి కూడా అన్నం తిన్నాక ఆవిడ లెట్రోజోల్ బిళ్ల వేసుకోవాలి. ఏడాదిన్నరకు దాదాపు 550 అయ్యాయి. ఇంకా 1,275 మిగిలున్నాయి.